లాలాగూడ అమ్మాయి చదివిన అయిదు వాక్యాలు

"తెల్లవాడికీ భారతీయుడికీ మధ్య స్నేహం సాధ్యమా? నవల ఆధారంగా చర్చించండి." మేం డిగ్రీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివే రోజుల్లో ఇది తప్పకుండా వచ్చే ప్రశ్న అని సీనియర్లు చెప్పేవాళ్లు. గైడులో దానికి రెండు పేజీల జవాబు ఉండేది, క్లాసంతా దాన్నే బట్టీ పట్టాం. సాధ్యమే కానీ ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు అని ముగిస్తే మార్కులు పడతాయి. అలాగే రాశాం, అలాగే పడ్డాయి కూడా. ఒక్క అమ్మాయికి తప్ప.

ఆ అమ్మాయి గురించే ఈ పోస్టు. పేరు రాయను, ఇప్పుడు ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో మనవల్ని చూసుకుంటూ హాయిగా ఉంది, నా మూలంగా ఎవరూ వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు. అప్పట్లో క్లాసులో అందరూ లాలాగూడ పిల్ల అనేవాళ్లు కాబట్టి నేనూ అలాగే అంటాను.

నవల ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన 'ఎ పాసేజ్ టు ఇండియా'. 1924లో వచ్చింది. చదవనివాళ్ల కోసం కథ గబగబా చెప్పేస్తాను. చంద్రాపూర్ అనే ఊళ్లో అజీజ్ అని ఒక ముస్లిం డాక్టరు, భార్య పోయింది, ముగ్గురు పిల్లలు. ఫీల్డింగ్ అని అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్, ఇంగ్లీషువాడు. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. ఇంగ్లండ్ నుంచి మిసెస్ మూర్ అనే పెద్దావిడ, ఆవిడ కొడుకుని పెళ్లి చేసుకోవచ్చేమో చూద్దామని ఎడీలా అనే అమ్మాయి వస్తారు. వాళ్లకి అసలైన ఇండియా చూడాలని కోరిక. అజీజ్ పాపం తలకు మించిన ఖర్చు పెట్టి అందర్నీ మరాబార్ గుహలకి తీసుకెళ్తాడు. అక్కడ ఏదో జరుగుతుంది, లేదా ఏమీ జరగదు. అజీజ్ తనమీద చెయ్యి వేశాడని ఎడీలా అంటుంది. అరెస్టు, కోర్టు, ఊరు ఊరంతా రెండు ముక్కలవడం. చివరికి బోనులో నిలబడి ఆ అమ్మాయే నేను పొరపాటు పడ్డాను అంటుంది. అజీజ్ బయటపడతాడు గానీ స్నేహాలు మాత్రం మునుపటిలా ఉండవు.

మేం ఈ నవల చదివిన చోటు గురించి కూడా చెప్పాలి. కోఠీ ఉమెన్స్ కాలేజీ. అంటే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఇప్పుడు బాగుచేసి రంగులేసి ఫొటోలు దిగే చోటు చేశారు గానీ మా రోజుల్లో పైకప్పు పెచ్చులు ఊడేవి, దర్బారు హాల్లో పావురాలు. మెట్ల దగ్గర రాతి సింహాలు, ఆ మెట్లమీదే కూర్చుని మా లంచ్ బాక్సులు. ఆ మేడ కట్టించినవాడు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, 1798 నుంచి 1805 వరకు ఇక్కడ రెసిడెంటు, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. హైదరాబాదు ఖాందానీ ఇంటి పిల్ల ఖైరున్నీసాని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ పరదాలో ఉండేది కనక మేడని దగ్గరగా చూడలేదని, అందుకే తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని కాలేజీలో అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ నమూనా మేం ఉన్నప్పుడు శిథిలంగా ముళ్లపొదల్లో ఉండేది. ఫస్టియర్ పిల్లలకి దెయ్యం ఉందని చెప్పి భయపెట్టేవాళ్లం.

అంటే చూడండి, తెల్లవాడికీ మనవాళ్లకీ స్నేహం సాధ్యమా అని రాసుకుంటున్న పిల్లలం ఎక్కడ కూర్చుని రాసుకుంటున్నామో! ఆ సంగతి అప్పుడు ఒక్కళ్లకీ తట్టలేదు. మళ్లీ ఒక్క అమ్మాయికి తప్ప.

లాలాగూడ పిల్ల ఆంగ్లో ఇండియన్, అంటే తెల్లవాళ్ల రక్తం, మన రక్తం కలిసిన కుటుంబం. తాత నిజాం రైల్వేలో డ్రైవరు, నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో. మోకాళ్ల దాకా స్కర్టు, పొట్టి జుట్టు, మాటకి ముందు "వాట్ మెన్" అనడం. మధిర నుంచి వచ్చి నల్లకుంటలో మా మేనత్త ఇంట్లో ఉంటూ చదువుకుంటున్న నాకూ ఆమెకీ స్నేహం ఎలా కుదిరిందంటే, డెవిల్ చట్నీ వల్ల. ఉల్లిపాయ, కిస్మిస్, ఎండుమిర్చి, కాస్త చక్కెర, వెనిగర్ వేసి నూరిన ఎర్రటి పచ్చడి. వాళ్లింట్లో పసుప్పచ్చటి కొబ్బరిపాల అన్నం, మాంసం ఉండల కూరతో తింటారు. నేను శాకాహారిని కదా, ఆ చట్నీ ఒక్కటి నా పెరుగన్నంలోకి వేసుకునేదాన్ని. బదులుగా మా అత్తయ్య పెట్టిన మాగాయ సగం ఆమెకి. క్రిస్మస్‌కి ఆమె తెచ్చిన రోజ్ కుకీలు చూసి, ఇవి మా గులాబీ పువ్వులే కదా అని నేనంటే, మీ పువ్వులు కాదు మెన్, మా నాన్నమ్మవి అని పోట్లాడింది. ఎవరి దగ్గర్నుంచి ఎవరు నేర్చుకున్నారో ఆ పువ్వులకే తెలియాలి.

నవల కాపీ ఇద్దరికీ ఒక్కటే. ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నాం, చెరి సగం. నలిగిపోయిన పెంగ్విన్ పేపర్‌బ్యాక్. వారం నా దగ్గర, వారం ఆమె దగ్గర. నేను పెన్సిల్‌తో గీతలు గీసేదాన్ని, ఆమె ఆకుపచ్చ ఇంకుతో.

నా గీతలన్నీ అజీజ్, ఫీల్డింగ్‌ల కిందే. పందొమ్మిదేళ్ల వయసు, అంతకన్నా ఏం కనబడుతుంది? ఫీల్డింగ్ పార్టీకి తయారవుతూ కాలర్ స్టడ్, అంటే చొక్కాకి కాలర్ పట్టి ఉంచే గుండీ, తొక్కి విరగ్గొట్టుకుంటే, అజీజ్ తన కాలర్‌కున్నది తీసి, నా దగ్గర ఇంకోటి ఉందిలే అని అబద్ధం చెప్పి ఇచ్చేస్తాడు. తర్వాత మిసెస్ మూర్ కొడుకు, మేజిస్ట్రేటు, అజీజ్ కాలర్ పైకి లేచి ఉండటం చూసి, ఇండియన్లంటే ఇంతే, చిన్న చిన్న విషయాల్లో శ్రద్ధ ఉండదు అంటాడు. ఆ పేజీ దగ్గర నా పెన్సిల్ కాగితం చించేసింది. ఇంకోచోట అజీజ్ చనిపోయిన తన భార్య ఫొటో తీసి ఫీల్డింగ్‌కి చూపిస్తాడు, ఆవిడ బతికి ఉంటే పరదాలో ఉండేది, నువ్వు నా సోదరుడివని చెప్పి చూపించేవాణ్ణి అన్నట్టుగా. అక్కడ ఏడ్చాను. చివర్లో ఇద్దరూ గుర్రాలమీద పోతూ పోట్లాడుకుంటూ, మనం ఇప్పుడే స్నేహితులుగా ఎందుకు ఉండకూడదు అని ఒకడంటే, గుర్రాలు విడిపోవడం, భూమీ రాళ్లూ గుడీ చెరువూ ఆకాశమూ అన్నీ కలిసి వద్దనడం, అక్కడ ఇంకా ఏడ్చాను.

ఆకుపచ్చ ఇంకు మాత్రం పుస్తకం మొత్తంలో ఒక్కచోటే ఉంది. ఎనిమిదో అధ్యాయం. నవాబ్ బహదూర్ కారు రోడ్డుమీద ఏదో జంతువుకి తగిలి ఆగిపోతుంది. ఆ కారు డ్రైవరు హారిస్ అని ఒక యూరేషియన్, అంటే తెల్లరక్తం, మన రక్తం కలిసినవాడు. అతని గురించి ఫార్‌స్టర్ మహా అయితే నాలుగైదు వాక్యాలు రాశాడు. ఇంగ్లీషువాళ్లూ ఇండియన్లూ ఒకేచోట ఉంటే అతనికి ఇబ్బందిగా ఉంటుందట, తను ఏ వైపువాడో తెలియక. ఒంట్లో రెండు రక్తాలూ కాసేపు ఎదురీది, తర్వాత కలిసిపోయి, అప్పుడతను ఎవరివాడూ కాకుండా తనవాడే అయిపోతాడట. అంతే. తర్వాత కథలో అతని పని అయిపోయింది.

ఆ వాక్యాల కింద ఆకుపచ్చ గీత, పక్కన 'మై గ్రాండ్‌పా' అని రాసింది.

పరీక్షలో కూడా అదే రాసింది మహాతల్లి. స్నేహం సాధ్యమా అని మీరు అడుగుతున్నారు, కానీ స్నేహం దాటిపోయి పిల్లలు కూడా పుట్టి నూరేళ్లకి పైనే అయింది, వాళ్లలో ఒకడు ఈ నవల్లో కారు నడుపుతున్నాడు, అతన్ని ఎవరూ ఏమీ అడగరు, రచయిత కూడా అడగడు, అని మూడు పేజీలు. ఇంకా ఒక పేరా ఈ కాలేజీ బిల్డింగు గురించి. లెక్చరర్ ఎర్ర ఇంకుతో 'ప్రశ్నకి సంబంధం లేదు' అని రాసి అయిదు మార్కులు వేశారు, ఇరవైకి. ఆవిడ మంచావిడే, ఏమాటకామాటే చెప్పాలి, ఇంగ్లీషు సరిగా రాని మా జిల్లాల పిల్లల్ని సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పేవారు. కానీ సిలబస్‌లో హారిస్ లేడు.

అప్పుడు నేనేమన్నానో గుర్తుంది. "గైడులో ఉన్నట్టు రాయొచ్చు కదే" అన్నాను.

ఈ నవల మీద కోపాల చరిత్ర చాలా పెద్దది, అది తర్వాతెప్పుడో యూనివర్సిటీలో తెలిసింది. పుస్తకం వచ్చిన ఏడాదే ఇండియాలో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఉద్యోగి న్యూ స్టేట్స్‌మన్ పత్రికకి ఉత్తరం రాశాడు, అందులో చూపించిన తెల్లవాళ్లు నిజమైన మనుషుల్లా లేరు, మా గురించి ఈయనకి ఏమీ తెలియదు అని. ఓడల్లో ఇండియాకి వస్తున్న దొరలు చదివి సముద్రంలోకి విసిరేశారని కూడా ఒక కథ చెప్పుకుంటారు. సరే, వాళ్లకి కోపం రావడం న్యాయమే, క్లబ్బులో కూర్చున్న వాళ్లని ఉతికి ఆరేశాడు కదా. మనవాళ్లకీ వచ్చింది. 1954లో నీరద్ సి. చౌధురి ఎన్‌కౌంటర్ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు, దేశాన్ని ఏలడం అనే ఇంత పెద్ద గొడవని ఈయన మర్యాదలూ మన్ననల సమస్యగా కుదించేశాడు అన్నది ఆయన ఫిర్యాదు. అజీజ్ అన్నా ఆయనకి పడలేదు, నవల్లో ఉన్న హిందూ ప్రొఫెసర్ గాడ్‌బోలే అన్నా పడలేదు. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చిన ప్రతివాడూ తన వాళ్ల గురించే కోప్పడ్డాడు. హారిస్ గురించి ఎవరూ కోప్పడలేదు. ఇంకా తమాషా ఏమిటంటే ఆ విమర్శల్లో ఆంగ్లో ఇండియన్ అని ఉన్నచోటల్లా అర్థం ఇండియాలో ఉండే అచ్చ తెల్లదొరలు! ఆ మాట రక్తం కలిసినవాళ్లకి సర్కారు లెక్కల్లో వచ్చింది 1911 సెన్సస్‌తో. నవల్లో మాత్రం హారిస్‌ని యూరేషియన్ అనే అన్నారు. "మా పేరు కూడా వాళ్లు వాడి పడేసిందే మెన్" అనేది లాలాగూడ పిల్ల.

మా నాన్న కోపం వేరే. ఆయన మధిర దగ్గర హైస్కూల్ హెడ్మాస్టరు. 1985 వేసవి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు నా సంచీలో ఈ పుస్తకం చూసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని నెలరోజులు చదివారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద మడత కుర్చీలో కూర్చుని, మధ్యమధ్యలో "ఇదేంటే" అని నన్ను పిలిచేవారు. కేసు గెలిచాక అజీజ్ ఇరవై వేల రూపాయల నష్టపరిహారం అడుగుతాడు. ఫీల్డింగ్ నచ్చజెప్పి, ఆ అమ్మాయి చితికిపోతుంది, ఖర్చులు తీసుకుని వదిలెయ్యి అంటాడు. అజీజ్ వదిలేస్తాడు. ఆ పేజీ చదివి నాన్న కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇరవై వేలు! ఆ రోజుల్లో! మాగాణి ఎన్ని ఎకరాలు వస్తుందో తెలుసా? ముగ్గురు పిల్లలున్నవాడు, జైల్లో పడి వచ్చినవాడు, వీడు స్నేహితుడా వాడికి? అవతలి పార్టీ ప్లీడరు!"

నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించిన స్నేహం నాన్నకి అలా కనబడింది. ఇప్పుడు ఆలోచిస్తే నాన్న చెప్పిందాంట్లో చాలా నిజం ఉంది, అసలు అజీజ్ కూడా తర్వాత అలాగే అనుకుని కుళ్లిపోయాడు కదా, ఎడీలాని ఫీల్డింగే పెళ్లి చేసుకుని తన డబ్బు కొట్టేశాడని. (చేసుకున్నది మిసెస్ మూర్ కూతుర్ని.) కానీ అప్పుడు నాన్నతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆయనకి నచ్చింది మేమంతా పరీక్షకి రాదని వదిలేసిన మూడో భాగం. మావ్ అనే సంస్థానంలో గోకులాష్టమి. గుళ్లో తాళాలు, మద్దెల, జనం, బురద, అర్ధరాత్రి కృష్ణుడు పుట్టడం, గోడమీద ఇంగ్లీషులో దేవుడంటే ప్రేమ అని రాయబోయి అక్షరాలు తారుమారై తప్పుగా రాసిన బోర్డు. ఫార్‌స్టర్ 1921లో దేవాస్ మహారాజు దగ్గర సెక్రటరీగా ఉన్నప్పుడు ఆ పండగ కళ్లారా చూశాడు. నాన్న ఆ భాగం అమ్మకి తెలుగులో చదివి వినిపించారు. "బోర్డు తప్పుగా రాసినా వీళ్ల భక్తికి ఏం తక్కువైంది, ఆ సంగతి ఆ దొరకి ఎట్లా తెలిసిందో" అన్నారు. అమ్మ గులాబీ పువ్వులు వండుతూ వింది, అవునండీ మధ్యలో లేచి వెళ్లిపోకండి, తర్వాతేమైంది అని.

అదే ఏడాది సినిమా కూడా చూశాం. డేవిడ్ లీన్ తీసిన సినిమా, 1984 చివర్లో విదేశాల్లో వచ్చి ఇక్కడికి తర్వాత వచ్చింది. సికింద్రాబాదులో ఇంగ్లీషు బొమ్మలాడే హాలు. అజీజ్‌గా విక్టర్ బెనర్జీ వేశాడు, బాగుంది. మిసెస్ మూర్ వేసిన పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కి ఆస్కార్ వచ్చింది. కానీ గాడ్‌బోలే వేషం వేసింది ఎలెక్ గిన్నెస్, తెల్లవాడు, మొహానికి గోధుమరంగు పూసుకుని! హాల్లో కాలేజీ కుర్రాళ్లు ఒకటే ఈలలు. లాలాగూడ పిల్ల నా చెవిలో, "మా అంకుల్‌ని పిలిస్తే మేకప్ ఖర్చు మిగిలేది మెన్" అంది. సినిమాలో హారిస్ కోసం కళ్లు పొడుచుకుని చూసింది పాపం.

ఇక సంక్రాంతి సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను. సినిమాకన్నా ముందు, ఆ ఏడాది జనవరిలో.

అత్తయ్య ఇంట్లో బొమ్మల కొలువు. నీ స్నేహితురాళ్లని పిలవవే అంది. లాలాగూడ పిల్లకి బొమ్మల కొలువంటే ఏమిటో చూడాలని ఎప్పట్నుంచో ఉంది. కానీ ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలంటే అత్తయ్య బుర్రలో ఒకటే బొమ్మ, స్కర్టులు, డాన్సులు, ఇంకా ఏవేవో. అందుకని నేనొక ఉపాయం చేశాను. ఆమెని కాలేజీ నుంచి ముందు నా క్లాస్‌మేట్ ఇంటికి తీసుకెళ్లి, నా నీలం చుడీదారు తొడిగించి, బొట్టు వద్దులే గానీ పిన్నులు పెట్టి జుట్టు వెనక్కి దువ్వి, తెలుగు క్రిస్టియన్ అమ్మాయని చెప్పడానికి సరిపోయే ఒక పేరు పెట్టి తీసుకెళ్లాను. ఎక్కువ మాట్లాడకు, నవ్వు చాలు అన్నాను. ఆమెకి అదంతా నాటకంలా సరదాగా ఉన్నట్టే కనిపించింది. బొమ్మలన్నీ చూసింది. మట్టి కృష్ణుడి పక్కన ఎవరో పెట్టిన ప్లాస్టిక్ రైలింజన్ చూసి వేలితో తోసి చూసింది. పసుపు కుంకుమ బదులు అత్తయ్య శనగలూ అరటిపండూ చేతిలో పెడితే థాంక్యూ ఆంటీ అని నా వైపు చూసి నాలిక్కరుచుకుంది.

వాళ్లంతా వెళ్లాక అత్తయ్య, "పిల్ల బాగానే ఉంది గానీ చున్నీ వేసుకోవడం కూడా రాదేంటే, ఒకవైపు జారిపోతూ, ఏం పెంపకమో" అంది.

ఆ చున్నీ నాది. నేనే వేశాను.

మర్నాడు కాలేజీలో ఆ మాట జోకుగా ఆమెకి చెప్పాను కూడా, చూడండి నా తెలివి! ఆమె నవ్వింది. నవ్వి, మెట్లమీద సింహాన్ని చేత్తో తడుతూ, "నీ అత్త కూడా మేజిస్ట్రేటే మెన్, కాలర్ చూసి చెప్పేసింది" అంది. నేనూ నవ్వాను. నాకు అర్థమైంది అత్తయ్య గురించి మాత్రమే.

డిగ్రీ తర్వాత నేను ఎమ్మే కోసం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి వెళ్లాను, ఆమె టైపు నేర్చుకుని ఉద్యోగంలో చేరింది. ఎమ్మేలో మళ్లీ ఇదే నవల. అక్కడే తెలిసింది ఈ పుస్తకానికీ హైదరాబాదుకీ ఉన్న చుట్టరికం. మొదటి పేజీలో అంకితం ఉంటుంది, సయ్యద్ రాస్ మసూద్‌కీ, మా పదిహేడేళ్ల స్నేహానికీ అని. డిగ్రీలో ఆ పేజీ ఎవరూ చదవలేదు. మసూద్ అంటే అలీగఢ్ కాలేజీ పెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. 1906లో ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ చదువుకి తయారవుతున్న ఆ కుర్రాడికి లాటిన్ చెప్పడానికి వచ్చిన ట్యూషన్ మాస్టారు ఫార్‌స్టర్. లాటిన్ సంగతేమోగానీ మాస్టారు ఆ కుర్రాడితో ప్రేమలో పడ్డాడు. ఇతను ఆ రకంగా తిరిగి ప్రేమించలేదు, కానీ జన్మంతా స్నేహితుడిగా ఉన్నాడు. ఆ మసూదే 1916 నుంచి 1928 దాకా నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. 1918లో ఉర్దూ మీడియంలో ఉస్మానియా మొదలైనప్పుడు దాని వెనకున్న ముఖ్యుల్లో ఒకడు. 1921 చివర్లో ఫార్‌స్టర్ దేవాస్ నుంచి వచ్చి హైదరాబాదులో అతని ఇంట్లో ఉన్నాడు. అప్పటికి నవల సగంలో ఆగిపోయి ఉంది, 1913 ప్రాంతంలో మొదలుపెట్టి వదిలేసినది. తిరిగి ఇంగ్లండ్ వెళ్లాక పూర్తి చేశాడు. 1937లో మసూద్ పోయినప్పుడు, అతను లేకపోతే నేను ఇండియాకి వెళ్లేవాణ్ణీ కాదు, దాని గురించి రాసేవాణ్ణీ కాదు అన్నట్టుగా రాశాడు.

ఈ సంగతి తెలిసిన సాయంత్రం నేను ఆర్ట్స్ కాలేజీ నుంచి నడుచుకుంటూ తార్నాక మీదుగా లాలాగూడ వెళ్లిపోయాను. ఆ ప్రేమ కథ ఆమెకి చెప్పాలని అంత తొందర. గేటు దగ్గరే మొదలుపెట్టాను. ఆమె అంతా విని, "అందుకే కాలర్ స్టడ్ అంత బాగా రాశాడు" అంది. తర్వాత, "మరి మసూద్ ఇంట్లో డ్రైవరు ఎవరో?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. వాళ్ల నాన్నమ్మ లోపల్నుంచి, ఎవర్రా అంత నవ్వు అని ఇంగ్లీషులో కేకేసింది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. నాన్నమ్మ పాత ఆల్బమ్ చూపించింది. తాత ఇంజను ముందు నిలబడిన ఫొటో, తలమీద టోపీ, మొహం నిండా మసి. తెల్లగా ఉన్నాడా నల్లగా ఉన్నాడా అంటే చెప్పలేం, మసి కదా. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి వెళ్లేవాళ్లం గానీ దొరల క్లబ్బులోకి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు అని చెప్పింది ఆవిడ, ఏ బాధా లేకుండా, కూరలో ఉప్పెంతో చెప్పినట్టు. కాలేజీ బిల్డింగు కథ కూడా ఆ రాత్రే మాట్లాడుకున్నాం. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాలకి ఇద్దరు పిల్లలు. 1805లో నాలుగేళ్ల కొడుకునీ మూడేళ్ల కూతుర్నీ ఓడ ఎక్కించి ఇంగ్లండ్ పంపేశారు, పేర్లు మార్చి బాప్తిస్మం ఇప్పించారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి 1813లో పోయింది, పిల్లల్ని మళ్లీ చూడకుండానే. "మా మొదటి వాళ్లు వాళ్లే, మనం అన్నం తిన్న మెట్లమీద ఆడుకున్నారేమో" అంది లాలాగూడ పిల్ల. మేడ పూర్తి కాకముందే పిల్లలు వెళ్లిపోయారని ఇప్పుడైతే సరిదిద్దుతానేమో. అప్పుడు ఊరుకున్నాను.

1989లో వాళ్ల కుటుంబమంతా పెర్త్ వెళ్లిపోయింది. లాలాగూడలో సగం వీధి అలాగే వెళ్లింది. వెళ్లే ముందు పుస్తకం ఎవరిదని వాదులాడుకున్నాం. బొమ్మా బొరుసూ వేస్తే నాకు వచ్చింది. మొదట ఉత్తరాలు, తర్వాత గ్రీటింగ్ కార్డులు, తర్వాత పదేళ్లు ఏమీ లేదు, తర్వాత ఫేస్‌బుక్, ఇప్పుడు వాట్సాప్. అందరి స్నేహాలూ నడిచిన దారే.

2014లో ఒకసారి వీడియో కాల్‌లో మాటల మధ్య ఆమే ఎత్తింది. "నీ నీలం చుడీదారు గుర్తుందా?" అంది. ఉందన్నాను నవ్వుతూ. "ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. డ్రెస్సుకి కాదు మెన్. డ్రెస్ బాగానే ఉంది. పేరు మార్చావు చూడు, అందుకు." నాకు నోట మాట రాలేదు. "అప్పుడే చెప్పొచ్చు కదే" అన్నాను చివరికి. "అప్పుడు చెప్తే ఇంకోసారి పిలిచేదానివి కాదు" అంది. వెంటనే మనవరాలు ఏడుస్తోందని పెట్టేసింది. మర్నాడు ఏమీ జరగనట్టు గుడ్ మార్నింగ్ బొమ్మ పంపింది, గులాబీలున్నది.

పుస్తకం తీసి ఎనిమిదో అధ్యాయం మళ్లీ చదివాను. ఆకుపచ్చ ఇంకు గోధుమరంగుకి తిరిగింది. ముప్పయ్యేళ్ల కింద ఆ వాక్యాలు చదివి, అతను ఎవరివాడూ కాకుండా తనవాడే అయ్యాడు అంటే ఎంత బాగా రాశాడో అనుకున్నాను. ఈసారి అంత బాగా రాసినట్టు అనిపించలేదు. మూడో అధ్యాయంలోనో నాలుగో అధ్యాయంలోనో అతను కారు తుడుస్తూ ఉంటే ఒక పేజీ రాయకూడదా అనిపించింది. నాకే అనిపించిందో, ఆమె పోలిక నాకు వచ్చిందో.

నాన్న 2017లో పోయారు. ఆ మరుసటి ఏడాది పిండప్రదానానికి తమ్ముడితో గయ వెళ్లాను. విష్ణుపాదం, ఫల్గు నది ఇసుక, అక్షయవటం, అన్నీ అయ్యాక ఒకరోజు చేతిలో మిగిలింది. గయకి ముప్పై కిలోమీటర్ల లోపే బరాబర్ గుహలు, నవల్లో మరాబార్ అంటే ఇవే. తమ్ముడికి కాళ్లనొప్పులు, రాలేనన్నాడు. నేనొక్కదాన్నే కారు మాట్లాడుకుని వెళ్లాను, నాన్న పుస్తకం చదివిన మడత కుర్చీ తలుచుకుంటూ. బోసిపోయిన కొండలు, గుట్టలు గుట్టలుగా రాళ్లు, మన జనగామ దారిలో ఉన్నట్టే. అశోకుడి కాలంలో ఆజీవకులనే ఒక పాత మతం సన్యాసుల కోసం తొలిచిన గుహలు. లోపల గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి, రెండువేల మూడొందల ఏళ్లనాటి గ్రానైట్ అది, చెయ్యి పెడితే జారిపోతోంది. ఫార్‌స్టర్ ఆ గుహల్లో చూడ్డానికి ఏమీ లేదన్నట్టు రాశాడు, శాసనాలున్న సంగతి చెప్పనే లేదు. నేనైతే నోరు తెరుచుకుని చూశాను. తెరిచిన నోటితోనే గట్టిగా ఓ అన్నాను. నవల్లో ఉన్నట్టే, ఏ మాట అన్నా చివరికి ఒకటే మోతగా తిరిగొచ్చింది, గోడల్లోంచి కాకుండా నా చెవిలోంచే వచ్చినట్టు. ఫోన్‌లో రికార్డు చేశాను. నాన్న పేరు పెట్టి పిలిచాను, అదీ రికార్డయింది.

కొండ దగ్గర సిగ్నల్ లేదు. గంటకి పైగా ఆ గతుకుల రోడ్డుమీద తిరిగి వచ్చాను. డ్రైవరు కుర్రాడు దారిలో ఒకచోట ఆపి టీ ఇప్పించాడు, డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. రాత్రి సత్రానికి చేరాక ఆ మోత పెర్త్‌కి పంపించాను. అజీజ్‌ని పట్టించిన గుహ ఇదే, విను, మా నాన్న పేరు కూడా ఉంది చూడు అని పెద్ద మెసేజ్ రాశాను.

తెల్లారి లేచేసరికి జవాబు వచ్చి ఉంది. నాన్న పేరు విన్నానని, చర్చిలో ఆయన కోసం కొవ్వొత్తి వెలిగిస్తానని రాసింది. కింద ఇంకో లైను.

"నిన్ను తీసుకెళ్లిన డ్రైవరు పేరేంటి మెన్?"

అడగలేదు.